హార్డ్‌డిస్క్ పోయిందని తేల్చే ముందు

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి చుట్టుపక్కల జెరాక్స్ షాపుల్లో, విజయనగరం గంటస్తంభం దగ్గరి డీటీపీ సెంటర్లలో, నరసన్నపేట, బొబ్బిలి, రాజాం లాంటి ఊళ్ల ఫొటో స్టూడియోల్లో నడిచే కంప్యూటర్లలో సెకండ్‌హ్యాండ్‌వి చాలానే ఉంటాయి. పెద్ద నగరాల ఆఫీసుల్లో నాలుగైదేళ్లు వాడి, లాట్లుగా అమ్మేస్తే చేతులు మారి ఇక్కడికి వచ్చినవి. డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ కాంపాక్, లెనోవో థింక్‌సెంటర్ లాంటి పేర్లు వాటిమీద కనిపిస్తాయి. మదర్‌బోర్డు, ప్రాసెసర్ గట్టివే. తక్కువ ధరలో ఇంజినీరింగ్ చదివే పిల్లలకీ, చిన్న షాపులకీ ఇంతకన్నా మంచి బేరం ఉండదు.

ఇలాంటి సిస్టమ్ ఒకరోజు ఆన్ కాకపోయినా, మధ్యలో హ్యాంగ్ అయినా, నీలం తెర చూపించినా వినిపించే మాట ఒకటే: హార్డ్‌డిస్క్ పోయింది. ఆ అనుమానం అన్యాయమైనదేమీ కాదు. ఫ్యాన్లు, డీవీడీ డ్రైవ్ పక్కన పెడితే పెట్టె మొత్తంలో కదిలే భాగాలున్నది దానికే. నిమిషానికి 5400 సార్లో 7200 సార్లో తిరిగే పళ్లెం మీద, దాన్ని తాకకుండా, నానోమీటర్లలో కొలిచే ఎత్తులో హెడ్ తేలుతూ చదువుతుంది, రాస్తుంది. ఏళ్ల తరబడి ఆ పని చేసిన డిస్క్ అలసిపోవడంలో వింత లేదు. అయితే సెకండ్‌హ్యాండ్ సిస్టమ్‌లో డిస్క్ ఎంత పాతదో దానికి కరెంటు ఇచ్చే ఎస్‌ఎంపీఎస్ కూడా అంత పాతది. కేబుల్ అంతే, మదర్‌బోర్డు మీది బటన్ బ్యాటరీ అంతే. ఈ మూడింటిలో ఏది పాడైనా నింద పడేది డిస్క్ మీదే.

దీనివల్ల రెండు రకాల నష్టం జరుగుతోంది. బాగున్న డిస్క్‌ని తీసేసి కొత్తది కొనడం ఒకటి. పోయే దశలో ఉన్న డిస్క్‌కి ఫార్మాట్ కొట్టి, ఓఎస్ (విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్) వేసి, బాగైపోయిందని చేతికివ్వడం రెండోది. మొదటిదాంట్లో పోయేది డబ్బు. రెండోదాంట్లో పోయేది పెళ్లి ఆల్బమ్‌లు, ప్రాజెక్టు రిపోర్టులు, షాపు లెక్కలు. కాబట్టి అడగాల్సిన ప్రశ్నలకు ఒక వరుస ఉంది. లోపల ఉన్నది ఇంకోచోట కాపీ అయి ఉందా? తర్వాత, తప్పు డిస్క్‌దా, దాని చుట్టూ ఉన్నవాటిదా? ఈ రెండూ తేలాకే రిపేరు మాట.

రిపేరుకన్నా ముందు కాపీ

డిస్క్ మొరాయించగానే చాలామంది మొదట చేసే పని విండోస్‌లోనే ఉండే చెక్‌డిస్క్ నడపడం. ఈ ఒక్క అలవాటు మానుకుంటేనే ఎంతో డేటా మిగులుతుంది. ఫైళ్ల పట్టికలో వచ్చిన చిక్కుముడులు విప్పడానికి పెట్టిన సాధనం అది. దాని ఆజ్ఞకు స్లాష్ ఆర్ (/r) తగిలించి నడిపితే డిస్క్ మొత్తాన్ని మూలమూలా చదువుతుంది, చదవలేనిచోట మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది, పైగా పట్టికను మార్చి రాస్తుంది. హెడ్ దెబ్బతిన్న డిస్క్ మీద గంటల తరబడి ఇలా చేయించడం కొరివితో తల గోక్కోవడమే. చదవగలిగే భాగం కూడా అప్పటికి చేజారిపోవచ్చు.

అనుమానం వచ్చిన డిస్క్ నుంచి విండోస్‌ని బూట్ చేయడమే మంచిది కాదు. తెర మీద ఎవరూ ఏమీ చేయకపోయినా విండోస్ వెనక నుంచి ఏదో ఒకటి రాస్తూనే ఉంటుంది. పెన్‌డ్రైవ్‌లో లైనక్స్ అనే ఉచిత ఓఎస్ వేసుకుని దాంతో బూట్ చేస్తే, డిస్క్ మీద ఒక్క అక్షరం రాయకుండా ముఖ్యమైన ఫోల్డర్లు బయటికి తీసుకోవచ్చు. ఫైళ్లు కాపీ అవుతూ మధ్యలో ఆగిపోతుంటే డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. పరీక్షలో తెలిసిన ప్రశ్నలన్నీ ముందు రాసేసి, రానివాటికి చివర్లో వెనక్కి వచ్చే విద్యార్థిలా పనిచేస్తుంది అది. సులువుగా వచ్చే భాగాన్ని మొదట తీసేసుకుంటుంది, మొండికేసిన చోట్లను గుర్తు పెట్టుకుని తర్వాత పట్టుకుంటుంది. మధ్యలో కరెంటు పోయినా, ఎంతవరకు కాపీ అయిందో రాసుకునే మ్యాప్ ఫైలును, ఆపేస్తే చెరిగిపోయే లైనక్స్ తాత్కాలిక ఫోల్డర్లలో కాకుండా నిలిచి ఉండే చోట దాచి ఉంటే, ఆగిన చోటి నుంచే మొదలుపెడుతుంది. మన పల్లెల్లో ఈ సదుపాయం విలువ చెప్పక్కర్లేదు.

తొందర ఎందుకో చెప్పడానికి గూగుల్ ఇంజినీర్లు 2007లో ప్రచురించిన అధ్యయనం చాలు. లక్షకు పైగా డిస్కులను గమనించి వాళ్లు తేల్చిందేమిటంటే, ఉపరితలాన్ని తనిఖీ చేసేటప్పుడు మొదటి తప్పు బయటపడిన డిస్క్, ఆ తప్పు లేని డిస్క్‌తో పోలిస్తే అరవై రోజుల్లోపు పాడయ్యే అవకాశం 39 రెట్లు ఎక్కువ. ఒక్క తప్పే కదా అని ఊరుకునే వీలు లేదన్నమాట.

ఇంకో మాట. డిస్క్‌ని ప్లాస్టిక్ కవరులో చుట్టి ఫ్రిజ్‌లో పెడితే పనిచేస్తుందన్న పాత చిట్కా ఇప్పటికీ తిరుగుతోంది. సోంపేట, కళింగపట్నం లాంటి తీరప్రాంతాల గాలిలో ఉండే తేమకు, చల్లటి డిస్క్‌ని బయటికి తీయగానే దానిమీదా లోపలా నీటి బిందువులు పడతాయి. ఆ తడి మీద పళ్లెం తిరిగితే ఆశ వదులుకోవాల్సిందే. తుపాన్లకు నీళ్లలో మునిగిన సిస్టమ్‌ల సంగతీ ఇంతే. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ లాంటి తుపాను తర్వాత, తడిసిన డిస్క్‌ని ఎండలో పెట్టి ఆరగానే కరెంటు ఇచ్చి చూడాలనిపించడం సహజం. కానీ నీరు ఆరినా బురద, ఉప్పు లోపలే మిగులుతాయి. డేటా నిజంగా కావాల్సినదైతే కరెంటు ఇవ్వకుండా డేటా రికవరీ చేసేవాళ్ల దగ్గరికి పంపడమే దారి.

కరెంటు, కేబుల్, బ్యాటరీ

లైను చివర ఉన్న ఇళ్లకు, వ్యవసాయ మోటార్లు నడిచే వేళ ఓల్టేజీ పడిపోవడం శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల్లో అందరికీ తెలిసిందే. కొత్త ఎస్‌ఎంపీఎస్ ఆ ఒడుదొడుకుల్ని చాలావరకు తట్టుకుంటుంది. ఎనిమిది, పదేళ్లు నడిచినదానిలో కరెంటును నిలకడగా ఉంచే కెపాసిటర్లు ఉబ్బి, ఆ శక్తి తగ్గిపోతుంది. దీని లక్షణం ఒకటి చాలా స్పష్టంగా కనిపిస్తుంది, అయినా ఎక్కువమంది పట్టించుకోరు. పొద్దున్నే మొదటిసారి ఆన్ చేస్తే డిస్క్ డిటెక్ట్ అవ్వదు. రీస్టార్ట్ కొడితే మామూలుగా వచ్చేస్తుంది. రోజంతా ఇబ్బంది ఉండదు, మర్నాడు మళ్లీ అదే తంతు.

కారణం ఇది. ఆగి ఉన్న పళ్లేలను పూర్తి వేగానికి తేవడానికి 3.5 అంగుళాల డిస్క్ 12 వోల్టుల లైను నుంచి ఆ కొద్ది సెకన్లపాటు రెండు ఆంపియర్ల దాకా లాగుతుంది. తిరగడం మొదలయ్యాక అందులో చిన్న వంతు చాలు. బలం తగ్గిన ఎస్‌ఎంపీఎస్ ఆ మొదటి గుంజుడుకు కుంగిపోతుంది. డిస్క్ వేగం అందుకునే లోపే బయోస్ (ఆన్ చేయగానే ముందుగా నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రామ్) వెతకడం ముగించి, డిస్క్ లేదని చెప్పేస్తుంది. రీస్టార్ట్ కొట్టేసరికి పళ్లెం తిరుగుతూనే ఉంటుంది కాబట్టి వెంటనే దొరుకుతుంది. డిస్క్ మోటారే బిగుసుకున్నా ఇలా జరగొచ్చు గానీ, ముందు చూడాల్సింది కరెంటునే.

మల్టీమీటరు ఉంటే తేల్చడం కష్టం కాదు. డిస్క్‌కి వెళ్లే నాలుగు పిన్నుల పాత రకం కనెక్టర్‌లో పసుపు తీగ 12 వోల్టులు, ఎరుపు తీగ 5 వోల్టులు, నలుపు తీగలు గ్రౌండ్. ప్రమాణం ప్రకారం అయిదు శాతం అటూఇటూ ఉండొచ్చు. అంటే పసుపు మీద 11.4 నుంచి 12.6, ఎరుపు మీద 4.75 నుంచి 5.25. సిస్టమ్ ఊరికే ఉన్నప్పుడు కొలిచి బాగుందనుకుంటే సరిపోదు. ఆన్ చేసిన ఆ మొదటి క్షణాల్లో మీటరులో అంకె ఎటు పోతుందో చూడాలి. అక్కడ 11 కిందికి జారితే డిస్క్‌ని తిట్టడం ఆపి ఎస్‌ఎంపీఎస్ మార్చాలి. కొన్ని బ్రాండెడ్ సిస్టమ్‌లలో డిస్క్‌కి కరెంటు మదర్‌బోర్డు మీంచి వస్తుంది, ఎస్‌ఎంపీఎస్ కనెక్టర్లు కూడా వేరుగా ఉంటాయి. మామూలు ఎస్‌ఎంపీఎస్ తెచ్చి తగిలిద్దామంటే కుదరదు. అలాంటప్పుడు డిస్క్‌నే తీసి, బాగున్న ఇంకో సిస్టమ్‌కి పెట్టి చూడటం తేలిక.

టకటకమనే శబ్దం విషయంలోనూ ఈ జాగ్రత్త పనికొస్తుంది. హెడ్ తన చోటు దొరక్క మళ్లీ మళ్లీ వెనక్కి వస్తే ఆ శబ్దం వస్తుంది. సాధారణంగా అది చెడ్డ కబురే. అయితే కరెంటు చాలక డిస్క్ ఆగిపోతూ మళ్లీ మొదలవుతున్నా దాదాపు అలాగే వినిపిస్తుంది. వేరే సిస్టమ్‌లో పెట్టినప్పుడు శబ్దం పోతే డిస్క్ బతికినట్టే. అక్కడా అలాగే కొట్టుకుంటుంటే వెంటనే ఆపేయాలి.

కేబుల్ సంగతి ఇంకా సులువు. సాటా కేబుల్ వదులైనా, పిన్నుల మీద తుప్పు పట్టినా, డిస్క్‌కీ మదర్‌బోర్డుకీ మధ్య వెళ్లే సమాచారం చెదిరిపోతుంది. డిస్క్ దీన్ని తన లెక్కల్లో (వాటిని ఎలా చూడాలో కింద ఉంది) 199వ నంబరు కింద రాసుకుంటుంది. ఆ అంకె వేలల్లో ఉంది, పళ్లెం లోపాలను చెప్పే లెక్కలన్నీ సున్నా అంటే పళ్లెం బాగుంది, దారి బాగాలేదు. కేబుల్ మార్చాక అంకె తగ్గదు, తగ్గుతుందని ఎదురుచూడకూడదు. పెరగడం ఆగిందా లేదా అన్నదే చూడాలి. ఉప్పుగాలి తగిలే ఊళ్లలో డిస్క్ అడుగున ఉన్న సర్క్యూట్ బోర్డు కూడా ఒకసారి గమనించదగ్గది. చాలా డిస్కుల్లో నక్షత్రం ఆకారం స్క్రూలు తీస్తే బోర్డు చేతికొస్తుంది. దాని లోపలివైపు, మోటారుకీ హెడ్‌కీ తగిలే మెరిసే చుక్కలు నల్లబడి ఉంటే పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది శుభ్రం చేయొచ్చు. అక్కడితో ఆగాలి. పైన ఉన్న లోహపు మూత మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పకూడదు. ఇంటి గాలిలోని ఒక్క ధూళికణం హెడ్ తేలే ఎత్తుకన్నా ఎన్నో రెట్లు పెద్దది.

కాలిపోయిన బోర్డు బదులు అదే మోడల్ డిస్క్ బోర్డు తెచ్చి బిగిస్తే సరిపోతుందని అనుకునేవాళ్లున్నారు. పాతికేళ్ల కిందటి డిస్కులకు అది చెల్లేది. తర్వాతి కాలపు బోర్డు మీద ఒక చిన్న చిప్‌లో ఆ ఒక్క డిస్క్‌కే సరిపోయే కొలతలు రాసి ఉంటాయి. దాన్ని కూడా మార్చి అతికిస్తే తప్ప కొత్త బోర్డు పనిచేయదు.

ఇక బ్యాటరీ. మదర్‌బోర్డు మీద నాణెంలా కనిపించే సీఆర్2032 అనే మూడు వోల్టుల బ్యాటరీ అయిపోతే, ప్లగ్ తీసిన ప్రతిసారీ బయోస్ తన సెట్టింగులన్నీ మర్చిపోయి ఫ్యాక్టరీ సెట్టింగులకు వెళ్లిపోతుంది. తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోవడం దీని గుర్తు. దీంతో పాటే డిస్క్‌తో మాట్లాడే పద్ధతి కూడా మారిపోవచ్చు. విండోస్ వేసినప్పుడు ఏహెచ్‌సీఐ పద్ధతిలో ఉండి, ఇప్పుడు ఐడీఈకో రెయిడ్‌కో మారితే విండోస్ తన డిస్క్‌ని తానే గుర్తుపట్టలేదు. తెర నీలంగా మారి, చివర్లో 7బీ ఉన్న కోడ్ చూపించి ఆగిపోతుంది. కొద్ది రూపాయల బ్యాటరీ వేసి, బయోస్‌లో పద్ధతిని మళ్లీ ఏహెచ్‌సీఐకి మారిస్తే తీరే సమస్య ఇది. దీనికి ఫార్మాట్ కొట్టించుకుని ఫొటోలు పోగొట్టుకోవడం కన్నా బాధాకరం ఏముంటుంది?

డిస్క్ తన గురించి తాను చెప్పేది

చుట్టూ ఉన్నవన్నీ బాగున్నాయని తేలాక డిస్క్‌నే అడగాలి. ప్రతి డిస్క్‌లో స్మార్ట్ అనే ఖాతా పుస్తకం ఉంటుంది. విండోస్‌లో క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో, లైనక్స్‌లో స్మార్ట్‌సీటీఎల్ దాన్ని చదివి చూపిస్తాయి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో ముడి అంకెలు సాధారణంగా హెక్సాడెసిమల్‌లో (పదికి బదులు పదహారుతో లెక్కించే పద్ధతిలో) కనిపిస్తాయి. 1ఎఫ్40 అని ఉంటే అది 8000. సెట్టింగుల్లో దశాంశానికి మార్చుకుంటే గందరగోళం ఉండదు. కొన్ని సీగేట్ డిస్కుల్లో 1, 7 నంబర్ల ముడి అంకెలు కోట్లలో ఉంటాయి. అవి రెండు లెక్కల్ని కలిపి చూపించే పద్ధతి వల్ల అలా కనిపిస్తాయి, టెన్షన్ పడక్కర్లేదు.

నిజంగా చూడాల్సినవి 5 (మార్చేసిన సెక్టార్లు), 187 (సరిచేయలేకపోయిన తప్పులు), 197 (అనుమానిత సెక్టార్లు), 198 (తనిఖీలో సరిచేయలేకపోయిన సెక్టార్లు). సెక్టార్ అంటే పళ్లెం మీద డేటా రాసే చిన్న గడి. వీటి మధ్య సంబంధం అర్థమైతే అమ్మేవాళ్ల మాటలూ అర్థమవుతాయి. డిస్క్ ఒక సెక్టార్‌ని చదవబోయి చదవలేకపోయింది అనుకుందాం. అందులో ఏముందో తెలియదు కాబట్టి దాన్ని అప్పటికప్పుడు మార్చేయలేదు. అనుమానితుల జాబితాలో పెడుతుంది. 197 ఒకటి పెరుగుతుంది. తర్వాత ఎప్పుడో ఆ చోట కొత్తగా ఏదైనా రాయమని ఆజ్ఞ వస్తే, పాతది ఎలాగూ అక్కర్లేదు కాబట్టి రాసి చూస్తుంది. రాయడం కుదిరితే ఆ సెక్టార్‌ని జాబితా నుంచి తీసేస్తుంది. కుదరకపోతే తన దగ్గరున్న అదనపు సెక్టార్లలో ఒకదాన్ని దాని స్థానంలో పెట్టి, 5వ లెక్కలో ఒకటి కలుపుతుంది.

ఇప్పుడు ఫార్మాట్ కొడితే బాగవడం వెనక ఉన్న కిటుకు తెలుస్తుంది. ఫైళ్ల పట్టికను మాత్రమే కొత్తగా రాసే క్విక్ ఫార్మాట్ కాకుండా పూర్తి ఫార్మాట్ నడిపితే డిస్క్ అంతటా సున్నాలు రాసుకుంటూ పోతుంది. ప్రతి అనుమానిత సెక్టార్‌కీ తీర్పు వచ్చేస్తుంది, 197 సున్నాకి చేరుతుంది. ఆకుపచ్చ గుర్తు చూపిస్తూ డిస్క్ కౌంటరు మీదికి వస్తుంది. పళ్లెం మీద దెబ్బ మాత్రం అలాగే ఉంది. అందుకే 197 సున్నా అనగానే నమ్మకుండా 5వ అంకె, 187వ అంకె చూడాలి. స్మార్ట్‌సీటీఎల్ చూపించే ఎర్రర్ లాగ్ (తప్పుల చిట్టా) కూడా చూడాలి. ఫార్మాట్ వాటిని తుడవదు.

5వ లెక్కలో అంకె ఉన్నంత మాత్రాన డిస్క్ పనికిరానిది కాదు. 8 అని ఉండి నెలల తరబడి 8 దగ్గరే ఆగితే, బ్యాకప్ పెట్టుకుని సినిమాలకో, రెండో కాపీలకో వాడొచ్చు. వారం వారం పెరుగుతుంటే దానికి ఏ పనీ అప్పజెప్పకూడదు. అంకెకన్నా దాని నడక ముఖ్యం. కాగితం మీద తేదీ వేసి రాసుకోవడం చాలా మేలు. అదే సమయంలో అన్నీ సున్నాలున్నాయని నిశ్చింతగా ఉండటానికీ లేదు. పైన చెప్పిన గూగుల్ అధ్యయనంలోనే, పాడైన డిస్కుల్లో సగానికి పైగా, స్మార్ట్‌లో బలమైన సంకేతాలుగా తేలిన నాలుగు లెక్కల్లో ఏ హెచ్చరికా ఇవ్వకుండానే పోయాయి.

9వ నంబరు ఎన్ని గంటలు నడిచిందో చెబుతుంది. ఆఫీసులో రోజుకు ఎనిమిది గంటల చొప్పున ఏడాదికి 250 రోజులు నడిస్తే 2000 గంటలు. లేబుల్ మీద పదేళ్ల కిందటి తేదీ, లోపల 40 గంటలు అని ఉంటే ఆ అంకెను ఎవరో చెరిపారని అనుకోవాలి. ఇది అరుదైన మోసం కూడా కాదు. 2025 మొదట్లో ఐరోపాలో వాడేసిన సీగేట్ సర్వర్ డిస్కులు గంటలు చెరిపేసి కొత్తవాటిగా అమ్మిన వ్యవహారం బయటపడింది. స్మార్ట్ లెక్కలు చెరిపినా ఫార్మ్ అనే ఇంకో లాగ్‌లో అసలు గంటలు మిగిలి ఉండటంతో దొరికిపోయాయి. సీగేట్ డిస్కులకు స్మార్ట్‌సీటీఎల్ కొత్త వెర్షన్లు ఆ లాగ్‌ని కూడా చూపిస్తాయి.

చివరి పరీక్ష డిస్క్‌లోనే ఉన్న సెల్ఫ్ టెస్ట్. చిన్నది రెండు నిమిషాల్లో అయిపోతుంది, పెద్దది గంటలు తీసుకుంటుంది. పెద్దది మొత్తం పళ్లేన్ని చదువుతుంది కాబట్టి కాపీ తీశాకే నడపాలి. కొనేముందు మాత్రం కనీసం చిన్నది నడిపి చూపించమని అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

నెమ్మది వేరు, జబ్బు వేరు

విండోస్ 10 ఉన్న, నాలుగు జీబీ ర్యామ్ సిస్టమ్‌లో టాస్క్ మేనేజర్ డిస్క్ వాడకం వంద శాతం చూపిస్తే అంతమాత్రాన డిస్క్ పాడైనట్టు కాదు. ఎక్కువగా ర్యామ్ చాలక డిస్క్ మీద భారం పడుతుంటుంది. ఇలాంటి సిస్టమ్‌కి కదిలే భాగాలు లేని సాటా ఎస్‌ఎస్‌డీ వేస్తే తేడా వెంటనే తెలుస్తుంది. పాత మదర్‌బోర్డు సెకనుకు 300 ఎంబీ దాకానే అనుమతించినా ఫర్వాలేదు, ఎందుకంటే చిన్న చిన్న ఫైళ్లను వెతకడంలో హార్డ్‌డిస్క్ పోగొట్టుకునే సమయమే అసలు జాప్యం. అయితే ఎస్‌ఎస్‌డీ పోయేటప్పుడు శబ్దం చేయదు. ఒక్కసారిగా డిటెక్ట్ అవ్వడం మానేస్తుంది. అందుకే పాత హార్డ్‌డిస్క్ ఇంకా బాగుంటే దాన్ని పారేయకుండా బ్యాకప్‌కి ఉంచుకోవడం తెలివైన పని.

డీవీడీ డ్రైవ్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. సీడీలు, డీవీడీలు చదవకపోవడానికి ఎక్కువసార్లు లెన్స్ మీద దుమ్ము చేరడమే కారణం. మెత్తటి బట్టతో తుడిచినా చదవకపోతే పెన్‌డ్రైవ్‌తో పని కానివ్వచ్చు.

తీసేసిన డిస్క్‌ని పాత సామాన్లవాడికి వేసే ముందు ఇంకో పని ఉంది. జెరాక్స్ షాపుల, ఆన్‌లైన్ సెంటర్ల డిస్కుల్లో ఊళ్లోవాళ్ల ఆధార్ కాపీలు, పాస్‌బుక్ స్కాన్లు, సర్టిఫికెట్లు ఉంటాయి. వాళ్లు నమ్మి ఇచ్చిన కాగితాలవి. క్విక్ ఫార్మాట్ వాటిని తుడవదు, ఉచితంగా దొరికే రికవరీ ప్రోగ్రామ్‌తో ఎవరైనా వెనక్కి తీయగలరు. నడిచే హార్డ్‌డిస్క్ అయితే మొత్తం ఒక్కసారి సున్నాలతో నింపితే చాలు. డిటెక్టే కాని డిస్క్ పళ్లేలను పాడుచేయాలి. డెస్క్‌టాప్ డిస్క్ పళ్లేలు చాలావరకు అల్యూమినియంవి, మూత విప్పి సుత్తితో కొడితే వంగుతాయి. ల్యాప్‌టాప్ డిస్క్ పళ్లేలు ఎక్కువగా గాజువి. దెబ్బ తగలగానే పదునైన పెంకులై ఎగురుతాయి కాబట్టి మందపాటి గుడ్డలో చుట్టి, కళ్లకు అద్దాలు పెట్టుకుని, డిస్క్ మూత తీయకుండానే కొట్టడం మంచిది.